మాయలో మాటు వేసే జ్వరం: గర్భిణికి మలేరియా వస్తే బిడ్డ బరువు ఎందుకు తగ్గుతుంది

మన్యంలోని మారేడుమిల్లి ప్రాంతంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక యువతి, తొలిచూలు ఐదో నెలలో ఉండగా చలిజ్వరంతో పడిపోయి, రక్తపరీక్షలో మలేరియా అని తేలి, మాత్రలు వాడి వారంలో కోలుకుందని అనుకుందాం. ఏడో నెలలో ఆమెను పురిటికి అమలాపురం దగ్గరి పుట్టింటికి తీసుకువచ్చారు. నెలలు నిండాక కాన్పు సుఖంగానే జరిగింది గానీ బిడ్డ 2,300 గ్రాములే తూగాడు. తల్లి రక్తంలోనూ, బిడ్డ రక్తంలోనూ వెతికినా పరాన్నజీవి కనబడదు. సరిగా తినలేదని అమ్మమ్మ, అక్కడి నీళ్లు పడలేదని నాయనమ్మ, తల్లికి రక్తం తక్కువని డాక్టరుగారు తలొక కారణం చెబుతారు. నాలుగు నెలల కిందట తగ్గిపోయిన జ్వరం మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. ఇది విషయం విప్పి చెప్పడానికి అల్లుకున్న ఉదాహరణ మాత్రమే. ఇందులో ప్రతి మాటకూ వైద్యశాస్త్రంలో ఆధారం ఉంది.

ఆ జ్వరానికీ ఈ బరువుకూ మధ్య దారి మాయ (గర్భంలో బిడ్డను తల్లికి కలిపే ప్లాసెంటా) గుండా నడుస్తుంది. మలేరియా గర్భస్థ శిశువుకు చేసే హానిలో అధికభాగం పరాన్నజీవి బిడ్డలో ప్రవేశించి చేసేది కాదు. బిడ్డకు అన్నం పెట్టే మాయను పాడుచేసి చేసేది. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగిలిన చిక్కుముళ్లు చాలావరకు విడిపోతాయి.

దోమ కాటుతో ఒంట్లోకి వచ్చిన మలేరియా పరాన్నజీవి ముందు కాలేయంలో పెరిగి, అక్కడి నుంచి రక్తంలోకి దిగి ఎర్ర రక్తకణాల్లో కాపురం పెడుతుంది. మన దేశంలో ముఖ్యంగా కనబడే రెండు రకాల్లో ప్రమాదకరమైన ఫాల్సిపరం, తాను చేరిన రక్తకణం పైపొర మీద ఒక రకం జిగురు ప్రొటీన్‌ను మొలిపిస్తుంది. పాడైన రక్తకణాలను వడగట్టి పారేసే ప్లీహానికి దొరకకుండా రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండిపోవడానికి దానికి ఆ జిగురు కావాలి. ఈ ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువులు ఒక్కొక్క పరాన్నజీవిలో దాదాపు 60 ఉంటాయి. వాటిని మార్చి మార్చి తొడుక్కుంటూ రోగనిరోధక శక్తి కన్ను గప్పుతూ ఉంటుంది. స్త్రీ గర్భవతి అయినప్పుడు దానికి అంతవరకు లేని కొత్త మాటు దొరుకుతుంది. మాయ ఉపరితలం మీద కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థం ఉంటుంది. మాయ నుంచి సేకరించిన పరాన్నజీవులు ఈ పదార్థాన్నే పట్టుకుంటాయని 1996లో మిఖల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ అనే శాస్త్రవేత్తలు చూపించారు. అందుకు వాడే ప్రొటీన్ పేరు వార్2సీఎస్ఏ అని ఆ తరువాతి పరిశోధనల్లో తేలింది.

మాయలో తల్లి రక్తమూ బిడ్డ రక్తమూ మామూలుగా కలవవు. తల్లి రక్తం మాయలోని ఖాళీల్లోకి చేరి నెమ్మదిగా కదులుతుంటే, అందులో వేళ్లలా వేలాడే సన్నని తంతువుల లోపల బిడ్డ రక్తం ప్రవహిస్తుంది. ప్రాణవాయువు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు ఆ పలుచని గోడ దాటి బిడ్డకు చేరతాయి. గోదావరి నీటిలో ఒండ్రు పేరుకుని పంట బోదె పూడిపోయినట్టు, పరాన్నజీవులున్న రక్తకణాలు ఆ ఖాళీల్లో పేరుకుంటాయి. నష్టం అక్కడితో ఆగితే కొంత మేలే. వాటిని తినివేయడానికి తల్లి ఒంటిలోని తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి చేరతాయి, వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తాయి, రక్తకణాలను తిన్న పరాన్నజీవి వదిలిన నల్లటి రంగు పదార్థం మాయలో మిగిలిపోతుంది. జ్వరం తగ్గి, పరాన్నజీవి చచ్చిపోయిన తరువాత కూడా ఆ నల్లని మరకను సూక్ష్మదర్శినిలో చూసి, గర్భకాలంలో ఎప్పుడో మలేరియా వచ్చిపోయిందని చెప్పగలరు. వాపు మూలంగా తంతువుల గోడ మందమెక్కుతుంది, పోషకాలను దాటించే వ్యవస్థ మందగిస్తుంది, మాయలో హార్మోన్ల సమతూకం తప్పుతుంది. అంటే బిడ్డకు తిండి తగ్గించేది పరాన్నజీవి ఒక్కటే కాదు, దానితో తల్లి ఒళ్లు చేసే యుద్ధం కూడా.

దీనికి తోడు తల్లి రక్తహీనత. మలేరియాలో పరాన్నజీవులున్న రక్తకణాలే కాక, ఏమీ లేని మంచి రక్తకణాలు కూడా పెద్ద సంఖ్యలో నశిస్తాయి. గర్భిణికి హీమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సగానికి పైగా గర్భిణులు మలేరియాతో పనిలేకుండానే ఆ గీతకు దిగువన ఉన్నారు. అప్పటికే అడుగంటిన చెరువు మీదికి ఎండలు వచ్చినట్టు అటువంటి తల్లికి మలేరియా వస్తుంది. తల్లి రక్తం పలుచబడి, మాయ మందగించి, రెండు వైపుల నుంచీ బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది.

బరువు తక్కువ అన్న మాటలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పుట్టినప్పుడు 2,500 గ్రాముల కంటే తక్కువ తూగిన బిడ్డను తక్కువ బరువు బిడ్డ అంటారు. 37 వారాలు నిండకుండా పుట్టడం వల్ల బరువు తక్కువ కావచ్చు; నెలలు నిండినా గర్భంలో ఎదుగుదల మందగించడం వల్లనూ కావచ్చు. మలేరియా రెండు పనులూ చేయగలదు. తొలి మూడు నెలల్లో వస్తే గర్భస్రావం ముప్పు పెరుగుతుంది, మాయ తన రక్తనాళాలను పరుచుకునే సమయమే కనుక పునాది బలహీనపడుతుంది. నడిమి నెలల్లో వస్తే ఎదుగుదల కుంటుపడుతుంది. చివరి నెలల్లో అధిక జ్వరం, వాపు కలిసి నొప్పులను ముందే తెచ్చే ప్రమాదం ఉంది. పురిటి వేళ తల్లి రక్తం శుభ్రంగా ఉందన్న ఒక్క కారణంతో ఐదో నెల జ్వరాన్ని కొట్టిపారేయకూడదని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు గోదావరి డెల్టా దగ్గరకు వద్దాం. గర్భంలో మలేరియా గురించి పుస్తకాల్లో ఉండే విషయంలో ఎక్కువ భాగం ఆఫ్రికా అనుభవం నుంచి వచ్చింది, అది సహజం కూడా. 2022లో ఆఫ్రికాలోని 33 దేశాల్లో 3 కోట్ల 54 లక్షల మంది గర్భిణులలో కోటీ 27 లక్షల మంది మలేరియా బారిన పడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అక్కడి వైద్యులు చెప్పే ముఖ్య సూత్రం, తొలిచూలు తల్లికే ముప్పు ఎక్కువ అన్నది. ఏటా మలేరియా వచ్చే ఊళ్లలో పెరిగిన స్త్రీకి చిన్ననాటి నుంచే కొంత రోగనిరోధక శక్తి ఉంటుంది. కానీ మాయను పట్టుకునే ఆ ప్రత్యేకమైన ప్రొటీన్‌ను ఆమె ఒళ్లు తొలి గర్భం వరకు చూసి ఉండదు. ఒక గర్భం దాటాక దానికీ ప్రతిరక్షకాలు తయారవుతాయి, మలిచూలుకు కొంత రక్షణ వస్తుంది. పైగా అటువంటి తల్లికి ఒంట్లో పరాన్నజీవి ఉన్నా జ్వరం రాకపోవచ్చు.

ఈ సూత్రాన్ని యథాతథంగా తెచ్చి కోనసీమకు అతికిస్తే తప్పుదారి పడతాం. ఇక్కడ మలేరియా అరుదు, కనుక ఇక్కడి స్త్రీకి చిన్ననాటి రక్షణ లేదు. ఆమెకు తొలిచూలైనా మూడో కాన్పైనా ముప్పు దాదాపు ఒకటే. వచ్చిందంటే లోలోపల దాగకుండా తీవ్ర జ్వరంగా, ఒక్కొక్కప్పుడు చక్కెర పడిపోయి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాపాయంగా పరిణమిస్తుంది. గర్భిణులలో ఫాల్సిపరం తీవ్రరూపం దాల్చే అవకాశం మిగతా వారి కంటే ఎక్కువ. మలేరియా తక్కువగా ఉన్న ప్రాంతం అనే మాట సమాజం మొత్తానికి ధైర్యం చెప్పే మాటే గానీ, దాని బారిన పడిన ఒక్క గర్భిణికి అదే ప్రతికూలంగా మారుతుంది. జ్వరం వస్తే డెంగీ, టైఫాయిడ్ గుర్తుకు వచ్చినంత త్వరగా మలేరియా గుర్తుకు రాకపోవడం దీనికి మరో తోడు.

డెల్టాలో ఇన్ని నీళ్లుండగా మలేరియా ఎందుకు అరుదు అన్నది న్యాయమైన ప్రశ్న. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. 1852లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువలు, బోదెలు, మురుగు కోడులు ఊరూరా అల్లుకున్నాయి. కానీ దోమలన్నీ ఒకటి కావు. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ బోదకాలును వ్యాపింపజేసేది, గోదావరి జిల్లాలను తరతరాలు పీడించినది ఆ జబ్బే. కొబ్బరి చిప్పల్లో, పూలకుండీల కింద పళ్లెంలో నిలిచిన వాననీటిలో పెరిగేది డెంగీని తెచ్చే ఏడిస్. మలేరియాకు అనాఫిలిస్ జాతి కావాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసినది ఆ జాతిలోనే. మైదానంలో ముఖ్యమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ ఊడ్పులు కొత్తగా అయిన మడుల్లో, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగున మిగిలే మడుగుల్లో పెరుగుతుంది. పైరు ఎదిగి నీడ కమ్మితే దానికి అనువు తప్పుతుంది. అది మనుషుల కంటే పశువుల రక్తాన్నే ఎక్కువ కోరుకుంటుంది. ఏజెన్సీ కొండవాగుల్లో పెరిగే ఫ్లూవియాటిలిస్ అలా కాదు, మనిషినే వెతుక్కుంటూ వస్తుంది. అందుకే రంపచోడవరం, చింతూరు వైపు మలేరియా ఒక రకంగా, అదే గోదావరి దిగువన మరో రకంగా ఉంటుంది.

మనుషులు మాత్రం ఒకచోట ఉండరు. ఉద్యోగరీత్యా మన్యంలో ఉండేవారు, పనుల మీద ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులకు వెళ్లి వచ్చేవారు, కొండల నుంచి రాజమహేంద్రవరం, కాకినాడ ఆసుపత్రులకు కాన్పుకు వచ్చేవారు డెల్టాకు ఆ జబ్బును మోసుకొస్తారు. పురిటికి పుట్టింటికి పంపే మన ఆచారంలో ఒక చిక్కు ఉంది: గర్భంలో వచ్చిన జ్వరం ఒక ఊరి రికార్డులో ఉంటుంది, కాన్పు మరో ఊరి ఆసుపత్రిలో జరుగుతుంది. ఆ రెండింటినీ కలిపేది కోడలి జ్ఞాపకం, లేదా ఆమె సంచిలోని చీటీ.

ఇక రెండో రకం, వైవాక్స్. ఇది మాయకు ఫాల్సిపరం అంత గట్టిగా అంటుకోదు, కనుక ఇది మెతక మలేరియా అని చాలాకాలం అనుకున్నారు. థాయిలాండ్-బర్మా సరిహద్దులో గర్భిణులను ఏళ్ల తరబడి పరిశీలించి 1999లో ప్రకటించిన ఫలితం ఆ భ్రమను తొలగించింది: గర్భంలో వైవాక్స్ వచ్చిన తల్లుల బిడ్డలు సగటున 107 గ్రాములు తక్కువ తూగారు. సగటు అంటే అందరికీ 107 గ్రాములు కోత పడిందని కాదు. కొందరికి ఏమీ కాలేదు, కొందరు 2,500 గీత కిందికి జారారు. 2,900 తూగవలసిన బిడ్డకు ఈ కోత పెద్దగా తెలియదు, 2,550 తూగవలసిన బిడ్డను మాత్రం గీత దాటిస్తుంది. అసలే చిన్న బిడ్డలు పుట్టే మన దేశంలో, బరువు నమోదైన కాన్పుల్లో 18 శాతం మంది 2,500 గ్రాముల లోపే ఉన్న చోట, ఆ కొద్ది గ్రాములకు విలువ ఎక్కువ. వైవాక్స్‌లో మరో మెలిక ఉంది. దాని పరాన్నజీవులు కొన్ని కాలేయంలో నిద్రాణంగా దాగి, వారాల తరువాతో నెలల తరువాతో మళ్లీ రక్తంలోకి దిగుతాయి. ఒక్క దోమకాటుతో ఒకే గర్భంలో రెండు మూడు సార్లు జ్వరం రావచ్చు, ప్రతిసారీ రక్తం కొంత తరుగుతుంది.

అయితే డెల్టాలో పుట్టే ప్రతి తక్కువ బరువు బిడ్డకూ మలేరియాను బాధ్యురాలిని చేయడం తప్పు. ఇక్కడ ఎక్కువ కేసులలో కారణాలు రక్తహీనత, గర్భకాల రక్తపోటు, చిన్న వయసు గర్భం, ఎడం లేని కాన్పులు. మలేరియా ఆ వరుసలో చివర ఎక్కడో ఉంటుంది. అడిగితేనే బయటపడే కారణం అది. అడగవలసిన ప్రశ్న, ఈ తొమ్మిది నెలల్లో ఎక్కడెక్కడ ఉన్నారు, చలి వణుకుతో జ్వరం వచ్చిందా అన్నది.

పుట్టిన తరువాత ఏమవుతుంది? తక్కువ బరువు బిడ్డకు మొదటి నెలలో ఒంటి వేడి నిలవకపోవడం, చక్కెర పడిపోవడం, పాలు గట్టిగా లాగలేకపోవడం, ఇన్‌ఫెక్షన్లు సోకడం అనే నాలుగు గండాలు ఉంటాయి. ఆఫ్రికాలో గర్భకాల మలేరియా వల్ల ఏటా 75 వేల నుంచి 2 లక్షల మంది శిశువులు మరణిస్తున్నారని కొన్ని దశాబ్దాల కిందటి అంచనాలు చెప్పాయి, వాటిలో ఎక్కువ మరణాలకు దారి ఈ తక్కువ బరువే. బరువు కాక మరో నష్టం కూడా ఉంది, ఇది కంటికి కనబడదు. తల్లి తనకున్న ప్రతిరక్షకాలను చివరి మూడు నెలల్లో మాయ గుండా బిడ్డకు ధారపోస్తుంది. టీకాలు వేసే వయసు వచ్చే వరకు బిడ్డకు అదే కవచం. మలేరియాతో దెబ్బతిన్న మాయలో ఈ బదిలీ తగ్గుతుందని, ధనుర్వాతం, తట్టు వంటి వాటికి సంబంధించిన ప్రతిరక్షకాలు తక్కువగా చేరుతున్నాయని పలు పరిశోధనల్లో కనబడింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆ చివరి వారాల వాటాను ఎలాగూ పోగొట్టుకుంటుంది. తల్లి రక్తహీనురాలైతే బిడ్డకు దాచి ఇచ్చే ఇనుము నిల్వలు కూడా చిన్నవవుతాయి, అది ఆరో నెల దగ్గర బిడ్డ పాలిపోయినప్పుడు గాని తెలియదు.

మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల మరో సంగతిని గమనించారు. మాయలో పరాన్నజీవులుండగా పుట్టిన బిడ్డలకు తొలి ఏడాదిలో మలేరియా మిగిలిన వారి కంటే ముందుగా రావడం. గర్భంలోనే ఆ పరాన్నజీవి పదార్థాలకు అలవాటుపడిన బిడ్డ రోగనిరోధక వ్యవస్థ, తరువాత దానిని శత్రువుగా గుర్తించడంలో తాత్సారం చేస్తుందన్నది ఒక వివరణ. ఆ తల్లీబిడ్డలు దోమలెక్కువ ఉన్న ఇంట్లోనే కాపురం ఉంటారన్నది మరో వివరణ, దీనిని తీసిపారేయలేం. డెల్టాలో పెరిగే బిడ్డకు ఈ చర్చ పెద్దగా వర్తించదు. ఎదుగుదల సంగతి వర్తిస్తుంది. గర్భంలో ఎదుగుదల కుంటుపడిన బిడ్డల్లో చాలామంది మొదటి రెండేళ్లలో బరువును అందుకుంటారు, కొందరు పొడవులో వెనుకబడే ఉంటారు. బిడ్డ బొద్దుగా తేలాలని ఆరు నెలలు నిండకుండానే డబ్బాపాలు, ఆవుపాలు పట్టడం మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. ఆ బిడ్డకు కావలసినది తల్లిపాలు ఎక్కువసార్లు పట్టడం, ఒంటికి ఒళ్లు ఆనించి వెచ్చగా ఉంచడం, అంగన్‌వాడీలో నెలనెలా తూకం వేసి గీత పైకి వెళుతుందా లేదా చూడడం.

పరాన్నజీవి నేరుగా బిడ్డకు సోకడం అరుదైనా, దాని గురించి తెలిసి ఉండటం మంచిది. కాన్పు సమయంలో మాయలో రక్తం కలిసినప్పుడు ఇది జరగవచ్చు. రోగనిరోధక శక్తి లేని తల్లుల బిడ్డల్లో, అంటే మన డెల్టా తల్లుల వంటి వారి బిడ్డల్లో, పుట్టిన రెండు మూడు వారాలకు జ్వరం, పాలు తాగకపోవడం, కామెర్లు, పొట్ట ఉబ్బడం కనబడతాయి. ఈ లక్షణాలన్నీ రక్తంలో చేరిన బ్యాక్టీరియా జబ్బుకూ ఉంటాయి కనుక యాంటీబయాటిక్స్ మొదలవుతాయి, మలేరియా పరీక్ష ఎవరికీ తోచదు. ఒక ఊరట ఏమిటంటే, ఈ బిడ్డకు పరాన్నజీవి దోమ ద్వారా కాక తల్లి రక్తం ద్వారా వచ్చింది, అందువల్ల కాలేయంలో నిద్రాణ దశ ఉండదు. వైవాక్స్ అయినా రక్తంలోని వాటిని చంపే మందు చాలు.

పరీక్షల విషయంలో ఒక జాగ్రత్త. ఫాల్సిపరం మాయలో మాటు వేసినప్పుడు వేలి నుంచి తీసిన చుక్కలో పరాన్నజీవులు బొత్తిగా లేకపోవచ్చు, గాజుపలక మీద చూసిన టెక్నీషియన్ నెగెటివ్ అని రాయడంలో అతని తప్పు ఉండదు. ఆశా కార్యకర్తల దగ్గర ఉండే ర్యాపిడ్ కిట్ పరాన్నజీవిని కాక అది రక్తంలోకి వదిలిన ప్రొటీన్‌ను పట్టుకుంటుంది కనుక ఒక్కొక్కప్పుడు సూక్ష్మదర్శిని పట్టలేనిది ఇది పడుతుంది. అయితే అదే గుణం వల్ల మందు పనిచేసిన తరువాత కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపిస్తూ కంగారు పెడుతుంది. అనుమానం బలంగా ఉంటే ఒక్క నెగెటివ్‌తో ఊరుకోకుండా, జ్వరం కొనసాగుతున్నంత కాలం మళ్లీ పరీక్ష చేయించడమే మార్గం.

మందులంటే గర్భిణులకు భయం, ఆ భయంతో మానేసిన మందు వల్ల కలిగే చేటు మందు వల్ల కలిగే చేటు కంటే చాలా పెద్దది. వైవాక్స్‌కు వాడే క్లోరోక్విన్ గర్భంలో అన్ని నెలల్లోనూ సురక్షితం. ఫాల్సిపరానికి ఆర్టిమిసినిన్ మిశ్రమాలను తొలి మూడు నెలల్లో ఇవ్వడానికి చాలాకాలం సందేహించారు. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆర్టిమీథర్-లూమెఫాంట్రిన్‌ను ఆ దశలోనూ వాడవచ్చని సిఫారసు చేసింది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వైద్యుడు నిర్ణయించవలసినది, మందుల షాపులో అడిగి తెచ్చుకోవలసినది కాదు. ఆఫ్రికాలో జ్వరం లేకపోయినా నాలుగో నెల నుంచి నెలకొకసారి ఇచ్చే నివారణ మాత్రను మన కార్యక్రమంలో ఇవ్వరు. నూటికి ఒకరికి కూడా లేని జబ్బుకు అందరికీ మందు మింగించడంలో అర్థం లేదు. ఇక్కడ దోమతెరే నివారణ. గర్భిణుల వైపు మలేరియా దోమలు రెట్టింపు సంఖ్యలో వస్తాయని గాంబియాలో చేసిన ఒక పరిశీలనలో తేలింది; గర్భిణి ఊపిరి ఎక్కువగా వదులుతుంది, పొట్ట మీద వేడి కొద్దిగా ఎక్కువ ఉంటుంది, ఆ రెండూ దోమకు దారి చూపుతాయి. మాయకు అంటుకునే ప్రొటీన్‌నే లక్ష్యంగా చేసుకున్న టీకాలు మనుషుల మీద తొలి దశ పరీక్షలు దాటాయి. గర్భిణి చేతికి వచ్చే స్థితికి ఇంకా రాలేదు.

వైవాక్స్ వచ్చిన తల్లి విషయంలో ఒక పని మాత్రం కాన్పు తరువాతికి మిగిలిపోతుంది. కాలేయంలో నిద్రపోతున్న పరాన్నజీవులను చంపే ప్రైమాక్విన్‌ను గర్భిణికి ఇవ్వకూడదు. బిడ్డ ఎర్ర రక్తకణాలకు అది ప్రమాదం కావచ్చు, ఆ కణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము బిడ్డలో లోపించిందో లేదో గర్భంలో తెలియదు. కనుక ఆ 14 రోజుల కోర్సును వాయిదా వేస్తారు. పురిటి స్నానం, బాలసారె, అత్తవారింటికి ప్రయాణం, ఈ హడావిడిలో వాయిదా వేసిన కోర్సు జారిపోతుంది, ఎందుకంటే జ్వరం అప్పటికి లేదు. తల్లికి జీ6పీడీ పరీక్ష చేయించి, పాలిస్తున్న బిడ్డ వయసును బట్టి ఆ మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చవలసిన డాక్టరుకు ఐదో నెల చీటీ చూపించాలి. ఆ చీటీ మాత్రం మారేడుమిల్లిలోనో, పుట్టింటి బీరువాలోనో ఉండిపోతుంది.